రెండు చిట్టాలు, ఒకటే నీళ్లు

మా అక్క కొడుకు విజయవాడలో ఇంటీరియర్ డిజైనర్లకు బొమ్మలు చేసిపెడతాడు. గీసేది బ్లెండర్‌లో, రాత్రంతా ఉడికేది వాడి కంప్యూటర్. పోయిన మార్చిలో వాట్సాప్‌లో ఒక చిట్టా పంపి, కింద రెండు ముక్కలు రాశాడు: "మావయ్యా, మొదటిసారి సొంతంగా వాటర్ కూలింగ్ లూప్ కట్టుకుంటున్నా. ఏమైనా మర్చిపోయానేమో చూడు."

మర్చిపోయినవేమీ లేవు. సామాన్లన్నీ ఉన్నాయి, వాటి వరసే తలకిందులుగా ఉంది. అటక మీద వెతికి నా పాత నోటుపుస్తకం తీశాను. అందులో నా రెండో లూప్‌కి రాసుకున్న చిట్టా ఉంది. మొదటి లూప్ చిట్టా నేనే చింపేశాను, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడమే ఇక్కడి పని.

వాడి కాగితంలో మొదటి వరసలో ఉన్నది డిస్ట్రో ప్లేట్. కేస్ ముందు భాగమంతా పరుచుకునే పారదర్శకమైన యాక్రిలిక్ పలక అది. లోపల కాలువలు చెక్కి ఉంటాయి, పంపు కూడా దానికే బిగించి వస్తుంది. తర్వాత చిన్న తెర ఉన్న ప్రాసెసర్ బ్లాక్ (చిప్ మీద కూర్చుని, లోపల నీళ్లు పారే లోహపు ముక్క), పద్నాలుగు మి.మీ. పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు, పాలలా తెల్లగా ఉండే కూలెంట్, పలచటి 360 రేడియేటర్ ఒకటి. చిట్టచివర, "గ్రాఫిక్స్ కార్డ్ బ్లాక్ – తర్వాత చూద్దాం" అని ఉంది.

నా కాగితం చూడ్డానికి పెళ్లిపందిరి పక్కన గోదాములా ఉంటుంది. 360 రేడియేటర్ ఒకటి, 240 ఒకటి. గ్రాఫిక్స్ కార్డ్ బ్లాక్. డీ5 పంపు, దాని మీద గాజు గొట్టం లాంటి రిజర్వాయర్. నల్ల రబ్బరు ట్యూబ్ మూడు మీటర్లు. రంగులేని కూలెంట్ రెండు లీటర్లు. సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ బ్లాక్. ఆ కింద రెండు గీతలు గీసి రాసుకున్నది, డ్రెయిన్ వాల్వ్.

వాడు ఫొటో తీసే రోజును తలుచుకుంటూ రాసుకున్నాడు. నేను విప్పే రోజును తలుచుకుంటూ రాసుకున్నాను. మొదటి లూప్ కట్టేవాళ్లకు ఆ రెండో రోజు రాక తప్పదు. లీకైతే వస్తుంది, కార్డ్ మార్చితే వస్తుంది, ఏమీ కాకపోయినా ఏడాదికో రెండేళ్లకో నీళ్లు మార్చాల్సి వచ్చి వస్తుంది.

అయితే విప్పడం కంటే ముందొక ప్రశ్న ఉంది. అసలు నీళ్లు ఎవరికి కావాలి?

వాడి కంప్యూటర్‌లో ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్, కార్డ్ ఆర్‌టీఎక్స్ 4090. ప్రాసెసర్ గరిష్ఠంగా 230 వాట్లు లాగుతుంది, కార్డ్ 450. వేడి ఎంత అన్నది లెక్కలో సగమే. అది ఎంత చోటు నుంచి బయటికి రావాలన్నది మిగతా సగం. ఆ ప్రాసెసర్‌లో ఎక్కువ వేడి పుట్టేది రెండు చిన్న ముక్కల్లో. ఒక్కోటి 70 చదరపు మి.మీ. పైచిలుకు, చిటికెన వేలి గోరంత. వాటి మీద దళసరి లోహపు మూత. నీళ్లు ఎంత చల్లగా ఉన్నా వేడి ముందు ఆ ఇరుకు దాటాలి, ఆ మూత దాటాలి. పైగా ఈ తరం ప్రాసెసర్‌ను తయారుచేసినవాళ్లే గట్టి పని పడితే 95 డిగ్రీల దాకా ఎక్కి అక్కడ నిలబడేలా తీర్చిదిద్దారు. కాబట్టి పెద్ద బ్లాక్ పెట్టి అంకె తగ్గుతుందేమోనని ఎదురుచూస్తే వేగం కాస్త పెరుగుతుంది తప్ప అంకె పెద్దగా కదలదు. కార్డ్ సంగతి వేరు. దాని చిప్ 608 చదరపు మి.మీ., మూత లేకుండా తెరిచే ఉంటుంది. బ్లాక్ అడుగు నేరుగా దాని మీద కూర్చుంటుంది. మెమరీకీ, కరెంటు సరఫరా చేసే భాగాలకూ ఆ బ్లాకే తగులుతుంది. నీళ్లు పెట్టినందుకు ఫలితం కనిపించేది, వినిపించేది అక్కడే.

వాడి చిట్టాలో కార్డ్ చివర్న ఉండటానికి వాడి కారణం వాడికుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కూడా కాదు. కార్డ్ బ్లాక్ ఒక్క నమూనాకే సరిపోతుంది. ఒకే 4090ను ఇద్దరు తయారుచేస్తే చాలాసార్లు ఇద్దరి బోర్డులూ వేరు, బ్లాకులూ వేరు. కార్డ్ అమ్మేసిన రోజున బ్లాకూ దాంతోపాటు పోతుంది. ప్రాసెసర్ బ్లాక్ అయితే కొత్త సాకెట్‌కి బ్రాకెట్ మార్చుకుని మూడు నాలుగు కంప్యూటర్ల దాకా నెట్టుకురావచ్చు. నిలిచేదాన్ని ముందు కొంటున్నానన్నది వాడి వాదం. కానీ కార్డ్ కోసం కాకపోతే ఈ లూప్ ఎందుకు? ప్రాసెసర్ ఒక్కదానికే అయితే నాలుగైదు వేలకు దొరికే జంట టవర్ల ఎయిర్ కూలర్ తగిలించుకుని హాయిగా ఉండొచ్చు. ఇంకాస్త కావాలంటే ఏఐఓ ఉంది. నీళ్లు, పంపు, రేడియేటర్ అన్నీ కలిపి సీలు వేసి వచ్చే సరుకు. కార్డ్‌ని వదిలేసిన సొంత లూప్ అంటే పెళ్లికొడుకు లేకుండా ఊరేగింపు తీసినట్టే.

ఇక రేడియేటర్. రెండు చిట్టాల మధ్య నిజమైన తగాదా ఇక్కడే ఉంది. డిగ్రీల లెక్క చెయ్యకుండా అది తేలదు.

నీళ్లు వేడిని మోసుకెళ్తాయి, మింగెయ్యవు. ఆఖరికి ఆ వేడిని గదిలోకి ఊదేది రేడియేటర్, ఫ్యాన్లు. మధ్యస్థ వేగంలో తిరిగే ఫ్యాన్లతో, ఒక్కో 120 మి.మీ. భాగానికి, నీళ్లు గది కంటే పది డిగ్రీలు ఎక్కువ ఉంటే, ఎనభై తొంభై వాట్లు బయటికి పోతాయని కట్టేవాళ్లందరూ వేసుకునే మోటు లెక్క. వాడి 360లో అలాంటివి మూడు. అంటే పది డిగ్రీలకు సుమారు 255 వాట్లు. ప్రాసెసరూ కార్డూ ఒకేసారి గరిష్ఠం లాగడం అరుదు కాబట్టి 680 పక్కనపెట్టి రెండర్ వేళకు 500 అనుకుందాం. నీళ్లు గది కంటే దాదాపు ఇరవై డిగ్రీలు పైకి పోతాయి.

ఈ మాట యూరప్‌లోనో అమెరికాలోనో వీడియో తీసి పెట్టేవాడికి పెద్ద విషయం కాదు. గది ఇరవై రెండు, నీళ్లు నలభై రెండు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది ముప్పై ఏడు. దానికి ఇరవై కలుపుకోండి, యాభై ఏడు. డీ5 పంపుకి ద్రవం అరవై లోపే ఉండాలి. పీఈటీజీ గొట్టాలను అరవై దాటనివ్వొద్దని అమ్మేవాళ్లే చెబుతారు. యాభై ఏడంటే గోడ మీద నడవడమే. ఒక ఫ్యాన్ ఆగినా, వడపోత జాలీకి దుమ్ము పట్టినా, కార్డ్ కాస్త ఎక్కువ లాగినా పడిపోతాం. రెండో 360 కలిపితే అదే గదిలో నీళ్లు నలభై ఏడు దగ్గర ఆగుతాయి. ఎండాకాలంలో మనకు కావలసిన ధీమా ఆ పది డిగ్రీలే. వాడి చిట్టాలో తెర ఉన్న బ్లాక్‌కి పెట్టిన డబ్బును మామూలు బ్లాక్‌కి సరిపెట్టుకుంటే, మిగిలినదాంతో ఈ రెండో రేడియేటర్ వస్తుంది.

నీళ్లు పోస్తే గది కంటే చల్లబడుతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఆవిరైపోతూ. లూప్ మూసిన గొట్టం, దాంట్లో ఆవిరయ్యేదేమీ లేదు. గది ఎంతో నీళ్లు అంతకంటే తగ్గవు. అందుకే కండెన్సేషన్ భయమూ లేదు.

రేడియేటర్ మందం దగ్గర మాత్రం తప్పు నాది. నా 360 అరవై మి.మీ. దళసరిది. అప్పట్లో ఎక్కువ లోహం ఉంటే ఎక్కువ చల్లదనం అనుకున్నాను. దళసరి రేడియేటర్‌లోంచి గాలి బయటపడాలంటే ఫ్యాన్ గట్టిగా తిరగాలి. నిదానంగా తిప్పితే వెనక సగంలోకి చేరేసరికి గాలి వేడెక్కిపోయి ఉంటుంది. గోల తగ్గించుకోవడానికి నీళ్లు పెట్టుకుని, ఆ నీళ్ల కోసం ఫ్యాన్లను అరిపించాను. ముప్పై మి.మీ. పలచటివి రెండు, దళసరిది ఒకదాని కంటే మేలు. వాడు పలచటిది ఎంచుకోవడం సరైనదే, ఒకటితో ఆగిపోవడమే పొరపాటు. ఇంకో మాట, రేకుల మధ్య సందు చూసుకోవాలి. అంగుళానికి ఎన్ని రేకులన్న అంకె పదహారు దగ్గర ఉన్నది నిదానం ఫ్యాన్లకు సరిపోతుంది. ముప్పై దాటినవి గట్టిగా ఊదే ఫ్యాన్లు ఉన్నవాళ్లకి.

పంపు గురించి చాలామంది పేజీలకు పేజీలు రాస్తారు. నాకంత మాట లేదు. డీ5, డీడీసీ రెండూ లాయింగ్ అనే జర్మన్ కుటుంబ సంస్థ పనితనం నుంచి వచ్చినవే. తర్వాత ఆ వ్యాపారం జైలమ్ చేతికి పోయింది. డీడీసీ చిన్నది, ఒత్తిడి ఎక్కువ, కింది భాగం బాగా వేడెక్కుతుంది, చెవికి కాస్త గీపెడుతుంది. డీ5 లావుది, సద్దు తక్కువ. వాడి ప్లేట్‌కి డీడీసీ వస్తుంది, నాకు డీ5 ఉంది. గది వేడిగా ఉండే ఊళ్లో నేను డీ5నే పట్టుకుంటాను. రెండింటిలోనూ బేరింగ్‌కి నూనె నీళ్లే. నీళ్లు లేకుండా తిప్పితే నిమిషాల్లో పాడవుతుంది. అందుకే రిజర్వాయర్ ఎప్పుడూ పంపుకి ముందు, దానికంటే ఎత్తులో ఉండాలి.

మిగతా వరస ఏదైనా ఒకటే. వాడు ఫోన్ చేసి, "కార్డ్ లోంచి వచ్చిన వేడి నీళ్లు ప్రాసెసర్‌లోకి పోతే ఎలా మావయ్యా?" అన్నాడు. నిమిషానికి నాలుగు లీటర్లు పారుతుంటే 450 వాట్లు కలిసినా నీళ్లు పెరిగేది డిగ్రీన్నర పైచిలుకు. "ఏ గొట్టం దగ్గరైతే దానికి తగిలించరా" అన్నాను. నమ్మలేదు. స్కూల్లో చదివిన విశిష్టోష్ణం లెక్క వేసుకుని అరగంటలో మళ్లీ చేశాడు.

గొట్టాల దగ్గరికి వచ్చాం కాబట్టి నా మొదటి లూప్ సంగతి చెప్పాలి. అది కూడా పీఈటీజీనే. గొట్టంలో సిలికోన్ తాడు దూర్చి, హీట్ గన్‌తో తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే తొంభై డిగ్రీలు వంచాలి. వేడి తక్కువైతే నలుగుతుంది, ఎక్కువైతే బుడగలొస్తాయి. పన్నెండు గొట్టాలు కొంటే ఐదు పనికొచ్చాయి. ఆ ఐదూ పెట్టాక ఎంత అందంగా ఉందో నేను కాదనను. జంతికల గొట్టంలోంచి దిగినట్టు తిన్నగా, ఒకే మలుపు కొలతతో. ఎనిమిది నెలలకు ర్యామ్ మార్చాల్సి వచ్చింది. ఆ ర్యామ్ ముందు నుంచి ఒక గొట్టం పోతోంది. దాన్ని తియ్యాలంటే నీళ్లన్నీ దింపాలి, దింపడానికి వాల్వ్ పెట్టలేదు. కేస్‌ని కూరగిన్నెలా వంచి బక్కెట్‌లోకి ఒంపాను. రెండు నిమిషాల పనికి ఆదివారమంతా పోయింది.

నల్ల రబ్బరు ట్యూబ్, ఈపీడీఎం అంటారు, కార్లలో రేడియేటర్ గొట్టానికి వాడే జాతిదే. వెలుగు పడితే మెరవదు, లోపల ఏం పారుతోందో కనపడదు. కానీ కత్తెర లాంటి కట్టర్‌తో కోసి, కాస్త ఎక్కువ పొడుగు వదిలేస్తే కార్డ్‌ని లూప్‌తో సహా పక్కకి ఒరిగించొచ్చు. తప్పు కోస్తే పోయేది అరడుగు. పారదర్శకంగా ఉండే మెత్తటి పీవీసీ ట్యూబ్ ఈ రెండింటి మధ్య రాజీలా కనిపిస్తుంది గానీ, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ రోజులు గడిచేకొద్దీ నీళ్లలోకి దిగుతుంది. ట్యూబ్ మసకబారుతుంది, దిగింది పోయి బ్లాక్‌లో పేరుకుంటుంది. అందరికీ రోజూ కనిపించేది గొట్టమే కాబట్టి వాడు అక్కడ అందం కోరుకోవడంలో తప్పులేదు. నేర్చుకునే చేతికి గట్టి గొట్టం చాలా ఖరీదైన రాతపలక, అంతే.

ర్యామ్ మారుస్తూ బ్లాక్ విప్పి చూశాను. లోపల కనిపించింది నా మొదటి చిట్టాలోని మరో అందం చేసిన నిర్వాకం. అప్పుడు నాదీ తెల్ల కూలెంటే. ఆ తెలుపు రంగు కాదు, ద్రవంలో తేలే సన్నటి రేణువులు. బ్లాక్ లోపల రాగిలో కోసిన సందులు వెంట్రుకల మందంలో ఉంటాయి. నీళ్లు ఆగిన రాత్రుల్లో ఆ రేణువులు దిగి, సున్నం గోడకి పట్టినట్టు పట్టాయి. టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమాను. పేరు చెప్పను, ఎందుకంటే ఆ గుణం ఒక్క కంపెనీది కాదు, తేలే రేణువులున్న ద్రవాలన్నిటిదీ. అవి ప్రదర్శనకు, వారం పది రోజులు మెరిసి దిగిపోవడానికి. రోజూ రెండర్ చేసే యంత్రంలో రంగులేని కూలెంట్ ఒక్కటే నా మాట. తుప్పు పట్టనివ్వని మందు, పాచి పట్టనివ్వని మందు కలిపి సిద్ధంగా వచ్చేది కొనుక్కుంటే సరి.

డబ్బు మిగుల్చుకుందామని "ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తాం కదా, ఇక్కడ పోస్తే?" అని అడిగాడు. ఏసీ నీళ్లలో లవణాలు తక్కువే. కానీ అవి దుమ్ము పట్టిన కాయిల్ మీంచి జారి వస్తాయి, పాచికి కావలసిన విత్తనాలన్నీ తెస్తాయి. ఆర్వో నీళ్లలో లవణాలు తగ్గుతాయి గాని పోవు. బోరు నీళ్ల మాట ఎత్తకపోవడమే మంచిది, మన గీజర్ల అడుగు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకో ఆశ వాడికి లేదు గానీ చాలామందికి ఉంటుంది. ఇంట్లో పాత ఏఐఓ ఉంది కదా, దాని రేడియేటర్ కోసి లూప్‌కి తగిలించడం. ఏఐఓ రేడియేటర్లు దాదాపు అన్నీ అల్యూమినియం. బ్లాకులు రాగి, లేదా దాని మీద నికెల్ పూత. రాగికీ అల్యూమినియంకీ మధ్య ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ తేడా రెండు వోల్టులు. రెండింటినీ ఒకే నీళ్లలో ముంచితే నెమ్మదిగా పనిచేసే బ్యాటరీ తయారవుతుంది, అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. ఏఐఓలో అది సీలు వేసిన మందు బలంతో నెట్టుకొస్తుంది, మనం విప్పి కలిపాక ఆ పూచీ ఎవరికీ ఉండదు. రేడియేటర్ డబ్బా మీద రాగి అని ఉందో లేదో చూసుకుని కొనాలి.

ఫిట్టింగుల గురించి ఒకే మాట: మర జీ పావు, అందరిదీ అదే. ఏ కంపెనీ బ్లాక్‌కైనా ఏ కంపెనీ ఫిట్టింగైనా ఎక్కుతుంది. ఈ విద్యలో అందరూ ఒప్పుకున్న భాష అదొక్కటే. ట్యూబ్ లోపలి కొలత, బయటి కొలత రెండూ ఫిట్టింగ్ మీద రాసినట్టే ఉండాలి. పది బై పదహారు ట్యూబ్‌కి పది బై పదమూడు ఫిట్టింగ్ తెస్తే నట్టు ఎక్కదు. లెక్కకి రెండు ఎక్కువ తీసుకోవాలి, ఓ-రింగులు గుప్పెడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీ మెట్లెక్కి అడిగితే ఏఐఓలు ఎన్నైనా చూపిస్తారు, ఒక్క ఓ-రింగ్ కోసం మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టి వారం ఆగాలి. అన్నీ బిగించాక నీళ్లు పోసే ముందు చేతిపంపుతో అర బార్ గాలి ఎక్కించి పావుగంట ముల్లు చూడాలి. ముల్లు కదలకపోతే పోసుకోవచ్చు.

వాడి డిస్ట్రో ప్లేట్‌ని నేను మొదట్లో వెక్కిరించాను. తర్వాత కాస్త తగ్గాను. దానికొక న్యాయమైన గుణం ఉంది. గొట్టాలన్నీ తిన్నటివే సరిపోతాయి, వంపులు తగ్గుతాయి, మొదటిసారి వంచేవాడికి అది నిజంగానే సాయం. కాకపోతే ఆ పలక ఒక్క కేస్ కొలతకే పుడుతుంది. కేస్ మారిన రోజున కాలువలు, పంపు మూత, రిజర్వాయర్ అన్నీ ఒకేసారి దండగ. పలక అంచు రబ్బరు ఒక్కచోట నలిగితే లీకు ఎక్కడిదో కనుక్కోవడమూ కష్టం. నా గొట్టం రిజర్వాయర్ ఇప్పటికి మూడు కేసులు మారింది.

నెల తర్వాత వాడు కొత్త చిట్టా పంపాడు. పలచటి 360లు రెండు, కార్డ్ బ్లాక్ మొదటి వరసలో, డీ5, నల్ల ట్యూబ్, రంగులేని కూలెంట్. డ్రెయిన్ వాల్వ్ కింద నాకంటే ఒక గీత ఎక్కువే గీశాడు. చివర్న మాత్రం ఒక గట్టి గొట్టం మిగుల్చుకున్నాడు, రిజర్వాయర్ నుంచి కార్డ్ దాకా, అద్దం ముందు కనపడేలా. "ఒక్కటి మావయ్యా. అది పాడైతే నల్లది పెట్టుకుంటా, మర ఒకటే కదా."

కాదనడానికి నాకేమీ దొరకలేదు. పీఈటీజీ వద్దు, యాక్రిలిక్ తెచ్చుకో, వంచడం కష్టమే గానీ దానికంటే ఎక్కువ వేడి తట్టుకుంటుంది, అని మాత్రం రాసి పంపాను.